వెళ్లని ఇంటికి రాసిన రిపోర్టులు

1986 జనవరిలో, సోషల్ వర్క్ ఎం.ఏ. రెండో ఏడాది చదువుతుండగా, నన్ను ఫీల్డ్ వర్క్‌కి గుంటూరు దగ్గరి ప్రత్తిపాడుకు వేశారు. వారానికి రెండు రోజులు మాకు తరగతులు ఉండేవి కావు. ఆ రోజుల్లో విద్యార్థి తనకు అప్పగించిన కుటుంబాల ఇళ్లకు వెళ్లి మాట్లాడాలి, వచ్చాక జరిగింది జరిగినట్టు రికార్డులో రాయాలి. దాన్ని హోమ్ విజిట్ రిపోర్టు అనేవాళ్లం. మా సూపర్‌వైజరు వసుంధర గారు వారం వారం అది చదివి సంతకం పెట్టేవారు. ఆ సంతకం లేకపోతే మార్కులు లేవు.

నాకు ఇచ్చిన నాలుగు కుటుంబాల్లో మరియమ్మది ఒకటి. భర్త పోయి ఏడాది. మిరప కల్లాల్లో రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయలు ఏరే పనికి వెళ్లేది. తొమ్మిదేళ్ల కూతురు సువార్త మూడో తరగతిలో బడి మానేసి తమ్ముణ్ణి ఎత్తుకుని తిరుగుతోంది. ఆ పిల్లను మళ్లీ బడిలో కూర్చోబెట్టడం నా పని.

మొదటిసారి వెళ్లినప్పుడు మాటలు బాగానే సాగాయి. రెండోసారి మరియమ్మ నాకోసం టీ పెట్టింది. మా నాన్నగారు సంస్కృతం మాస్టారు. ఎవరింట్లో ఏం ముట్టకూడదో మా ఇంట్లో ఎవరూ చెప్పక్కర్లేదు, అలా పెరిగాం. అస్పృశ్యత మీద నేను రాసిన సెమినార్ పేపరుకి అంతకు నెల క్రితమే మంచి మార్కులు వచ్చాయి. చంటివాడు ఏడుస్తుంటే మరియమ్మ లోపలికి వెళ్లింది. నేను గ్లాసు గోడ పక్కన ఒంపేశాను. తల తిప్పి చూస్తే సువార్త వాకిట్లో నిలబడి ఉంది. ఆ పిల్ల చూపు గోడ పక్కన తడి మీద ఉంది. నేను ఖాళీ గ్లాసు కింద పెట్టేశాను.

ఆ తర్వాత ఆ గడప తొక్కడానికి నాకు ముఖం చెల్లలేదు. మిగతా మూడిళ్లకూ వెళ్లి బస్సెక్కేసేదాన్ని. రికార్డులో మాత్రం మరియమ్మ ఇంటికీ వెళ్లినట్టు రాశాను. ఒక వారం అని మొదలుపెట్టింది నాలుగు వారాలైంది. ఊరికే వెళ్లివస్తున్నట్టు రాస్తే బాగుండదు, మార్పు కనిపించాలి. అందుకని ఆ నాలుగో వారం రిపోర్టులో సువార్త బడికి వెళ్తోందని రాశాను. వసుంధర గారు పక్కన ఎర్ర సిరాతో ‘చాలా బాగుంది’ అని రాశారు.

ఫిబ్రవరి చివర ఆవిడ ఫీల్డ్ చూడటానికి నాతో వచ్చారు. మేం వెళ్లేసరికి మరియమ్మ కల్లంలో ఉంది. ఆ వేళ తమ్ముణ్ణి పక్కింటి ముసలమ్మ దగ్గర వదిలి సువార్త కూడా కాయలు ఏరుతోంది. ఘాటుకి మేమిద్దరం దగ్గుతుంటే మరియమ్మ లేచి వచ్చింది.

“మా అమ్మాయి వారం వారం వస్తోందా?” అని వసుంధర గారు అడిగారు.

మరియమ్మ నా వంక చూసింది. “వత్తందండి.”

“పాపని బడికి పంపుతున్నావట. మంచి పని చేశావు.”

మరియమ్మ ఈసారి కూతురి వైపు చూసింది. “పంపుతున్నానండి. ఇయ్యాళ పనెక్కువుండి మానిపిచ్చా.”

వసుంధర గారు తృప్తిగా తలూపారు. అప్పుడు అసలు సంగతి చెప్పారు. గుంటూరులో ఒక ఆడపిల్లల హాస్టల్లో, చదువు మానేసిన పిల్లకోసం, మా డిపార్ట్‌మెంట్ సిఫారసు మీద ఒక్క సీటు ఇస్తారు. తిండీ బడీ అక్కడే. ఈ ఊరి నుంచి సువార్తకు రాద్దామనుకున్నారట. “మీ పాప ఎలాగూ వెళ్తోంది కాబట్టి వేరే పిల్లకి రాస్తాను” అన్నారు.

అప్పుడు నేను నోరు విప్పి ఉండాల్సింది. ఒక్క మాట చాలు. నేను చేతిలో ఉన్న రికార్డు అట్ట వైపు చూస్తూ నిలబడ్డాను.

వసుంధర గారు హెడ్మాస్టరుని కలవడానికి ముందు నడిచారు. నేను వెనక ఆగి, ఎందుకలా చెప్పావని మరియమ్మని అడిగాను.

“లేదని చెప్తే మీ చదువు ఆగిపోద్దేమో అనుకున్నానండి. సీటు సంగతి నాకేం తెలుసు?” అంది. చేతులకంటిన కారం దులుపుకుంటూ, “టీ సంగతి మా పిల్ల చెప్పింది. అందుకే రావట్లేదనుకున్నా. వచ్చినా బలవంతపెట్టేదాన్ని కాదమ్మాయిగారూ” అని మళ్లీ కాయల దగ్గరికి వెళ్లి కూర్చుంది.

మర్నాడు వసుంధర గారి గది దాకా వెళ్లాను. అప్పటికి సిఫారసు ఉత్తరం టైపు కాలేదు. పరీక్ష తేదీ గురించి ఏదో అడిగి బయటికి వచ్చేశాను. ఆ ఏడు ఫీల్డ్ వర్క్‌లో క్లాసులో నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి.

రెండేళ్ల తర్వాత స్త్రీ శిశు సంక్షేమ శాఖలో ఉద్యోగిగా జీపులో ఆ ఊరి మీదుగా వెళ్తూ, కల్లంలో తల్లి పక్కన కూర్చున్న సువార్తను చూశాను. పొడుగైంది. ఆపమని డ్రైవరుకు చెప్పలేదు.

చెయ్యని విజిట్ రాసినందువల్ల నాకేమీ కాలేదు. నష్టమంతా ఆ ఇంటికి జరిగింది. సాయం అందినట్టు కాగితం మీద ఉంటే, రావాల్సిన సాయం ఆ ఇంటి గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతుంది. సర్వీసులో ఉన్నన్నాళ్లూ కొత్తగా చేరిన వర్కర్లకు ఒకటే చెప్పాను: వెళ్లకపోతే వెళ్లలేదని రాయండి, కారణం కూడా రాయండి. అది నాకెలా తెలిసిందో మాత్రం ఒక్కరికీ చెప్పలేదు.