బస్సెక్కిన చెల్లెలు

మా చిన్నప్పుడు వారపత్రికలోని సీరియల్ పేజీలు విప్పి దాచి, కథ అయిపోయాక అట్ట వేసి కుట్టుకునేవాళ్లు... నర్సీపట్నంలో మా పక్కింటి సువార్తమ్మత్త అందులో దిట్ట. జాకెట్లు కుట్టే మనిషి కదా, డబ్బనం, పురికొస చేతికి అందుబాటులోనే ఉండేవి.

ఆ వేసవిలో పెళ్లి జాకెట్లతో తీరిక లేక, కొత్త వారం పేజీలు ముందు నాకే ఇచ్చింది.

"సదివీసి బేగి తెచ్చీ. కథ మాత్రం నాకు సెప్పీకు."

నాకప్పుడు పదమూడేళ్లు. ఒకచోట కూర్చునే రకం కాదు... నడుస్తూ చదువుతూ రోలుగుంట రోడ్డు పక్క జీడితోటలో తేలాను. సగం చదివానో లేదో, తింటున్న జీడిమామిడి పండు రసం కారి పేజీలన్నీ ముద్దయిపోయాయి.

నిజం చెబితే అత్త మళ్లీ పేజీ ముట్టుకోనివ్వదు. ఆ ఇల్లు తప్ప నాకు కథలు దొరికే చోటే లేదు...

చదివిన సగం గుర్తున్నంత మేర తెల్లకాగితాల మీద రాశాను. మిగతా సగం కల్పించాను. కథలో హీరోయిన్‌కి పద్నాలుగేళ్ల చెల్లెలుండేది. ఎన్ని వారాలైనా దానికి కాఫీలు అందించడమే పని. నాకు ఒళ్లు మండి, ఎవరికీ చెప్పకుండా దాన్ని బస్సెక్కించేశాను.

"పేజీలు తడిసిపోయాయత్తా... స్నేహితురాలింట్లో చూసి ఎత్తి రాశాను" అని బొంకాను. అత్త మిషన్ ఆపి చదువుతుంటే, గుమ్మంలో నిలబడలేక లోపలికీ బయటికీ తిరిగాను. చదివి, కాగితాలు మడిచి పక్కన పెట్టి మళ్లీ జాకెట్ అందుకుంది. వారం రోజులు నాకు అన్నం సయించలేదు.

కొత్త పత్రిక వచ్చాక పిలిచింది.

"ఏటే గుంటా... ఆ సెల్లి ఈ వారం మళ్లీ కాఫీ అట్టుకొచ్చింది. బస్సెప్పుడు దిగిందేటి?"

ఏడుపొచ్చేసింది నాకు.

"ఏడుపెందుకు? ఆ పిల్లని నడిదారిలో వొగ్గేసినావు. ఎక్కడ దిగిందో రాసి తే... అప్పుడే పుస్తకం కుడతాను."

రాశాను. అచ్చు పేజీల మధ్య నా చేతిరాత పెట్టి కుట్టింది. నా మొదటి ప్రచురణ అదే.

ఆ తర్వాత ఆ వయసు పిల్లల కోసం నవలలు రాస్తూనే ఉన్నాను... ప్రతి దాంట్లోనూ ఒక పిల్ల ఎక్కడికో బయల్దేరుతుంది. ఇప్పుడు లైకులు బోలెడు వస్తాయి. ఎక్కడ దిగిందేటి అని నిలదీసే అత్తే లేదు.

మీ ఇంట్లో కుట్టిన సీరియల్ ఏదైనా మిగిలిందా? అందులో ఏ వారం పోయిందో చెప్పండి, నేను రాసిస్తాను... నాకు అప్పుడే కాలు నిలవడం లేదు.