పోస్టుకార్డు మీద చేసిన హత్య

పదో తరగతిలో ఉండగా నేనొక హత్య చేశాను. కంగారుపడకండి, హతురాలు క్షేమంగానే ఉంది. నిన్న కూడా ఫోన్లో గంటసేపు నా బుర్ర తినేసింది. కానీ ఆ హత్యతో రెండు ఊళ్లలో నా పరువు ఎలా పోయిందో చెప్తాను.

సునీత నా ప్రాణస్నేహితురాలు. వాళ్ల నాన్నగారికి బదిలీ అయి చల్లపల్లి నుంచి బందరు వెళ్లిపోయారు. కంప్యూటర్లు నేర్చుకుంటున్న వాళ్లన్నయ్య ఒక ఆట గురించి చెప్పాడు. ఎక్కడెక్కడో ఉన్నవాళ్లు, బొమ్మలేవీ లేకుండా, ఒట్టి మాటలు టైపు చేసుకుంటూ కత్తియుద్ధాలు చేస్తారట. మాకు కంప్యూటరు లేదు, పోస్టుకార్డులున్నాయి. నేను మహారాణిని, తను అడవిదొంగ. కార్డుకి ఒక్క దెబ్బ. "నీ భుజం మీదికి కత్తి దూశాను" అని నేను రాయొచ్చు. అది తగిలిందో, తప్పించుకుందో తనే చెప్పాలి. ఆ తర్వాత వంతు తనది. మా యుద్ధంలో ఎత్తిన కత్తి దిగడానికి వారం పట్టేది.

ఒకసారి మూడు వారాలైనా జవాబు రాలేదు. మహారాణి కత్తి ఎత్తిపట్టుకుని, చేతులు పీకుతున్నా అలాగే నిలబడి ఉంది. బందర్లో కొత్త స్నేహితురాళ్లు దొరికారు, నన్ను మర్చిపోయింది అనుకున్నాను. ఉక్రోషం ఆగక, నియమం గట్టున పెట్టి రాసేశాను: "సునీతా, నీ తల తెగిపడింది. నువ్వు చచ్చిపోయావు. ఇక నాకు ఉత్తరం రాయనక్కర్లేదు." ఏడుస్తూనే డబ్బాలో వేశాను.

ఆ ఆదివారం పొద్దున్నే సునీత వాళ్ల నాయనమ్మగారు బస్సు దిగి నేరుగా మా ఇంటికొచ్చారు. చేతిలో నా కార్డు.

"పద్మా, మా పిల్ల తల ఎందుకు నరికావమ్మా?" అన్నారు, చెప్పులు విప్పుతూ.

అమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టి నా వైపు తిరిగింది. "ఏంటే ఇది?"

"ఆటమ్మా."

"ఇరవై రోజుల నుంచి టైఫాయిడ్‌తో మంచం మీదుంది అది," అన్నారావిడ. "కళ్లజోడు కనపడక పోస్టుమాన్ చేత చదివించాను."

"ఎలా ఉంది మామ్మగారూ?"

"జ్వరం తగ్గింది. నీ కార్డు చూసి పకపకా నవ్వింది. దాని నవ్వు విని ఎన్నాళ్లయిందో. అందుకే నీ మీద కోపం సగమే మిగిలింది." ఆవిడ కుర్చీలో కూర్చున్నారు. "ఆ ఆటేంటో చెప్పిందిలే. తగిలిందో లేదో చెప్పాల్సింది అది కదా? నువ్వే చంపేస్తే ఎలా?"

"తప్పేనండి."

"తల తెగలేదట, అది వంగి తప్పించుకుందట. ఇప్పుడు వంతు దానిది. నీరసంగా ఉందని నన్ను పంపింది." అంటూ నా చెవి పట్టుకుని మెలిపెట్టారు. "తగిలిందా, తప్పించుకున్నావా? చెప్పు మరి."

"తగిలింది మామ్మగారూ."

మధ్యాహ్నం బస్సుకి నన్నూ బందరు తీసుకెళ్లారు. సునీత చీపురుపుల్లలా అయిపోయింది. ఇద్దరం ఒకే మంచం మీద కూర్చుని ఏడ్చాం, ఆనక ఒకే గ్లాసులో జావ తాగాం.

అక్కడే ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఇంకెవరినీ కార్డు మీద చంపను. మరీ తప్పనిసరైతే, ముందు ఒంట్లో ఎలా ఉందో కనుక్కుని, కవరులో పెట్టి, గట్టిగా అంటించి మరీ చంపుతాను.