అరగంటలో వస్తారమ్మా

పరాయి దేశంలో పదేళ్ళు లిఫ్టు మెకానిక్‌గా చేశాడతను. కిందటేడు పని చేస్తూ కింద పడి వెన్ను దెబ్బతిన్నాక చక్రాల కుర్చీయే దిక్కయింది. కంపెనీవాళ్ళు పొమ్మనకుండా ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చోబెట్టారు. ఆఫీసు బాత్రూం తలుపులో కుర్చీ పట్టదు. అందుకని డ్యూటీ రోజున గొంతు తడుపుకోవడమే మానేశాడు. సిగ్గేసి ఆ సంగతి భార్యకి కూడా చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం ఓ పెద్దావిడ ఫోన్ చేసింది. ఇతని యాస పట్టేసి తెలుగులోకి దిగింది.

"లిఫ్టు ఆగిపోయింది బాబూ. నాది చక్రాల కుర్చీ, ఇల్లేమో ఆరో అంతస్తు. పొద్దున్నుంచీ కిందే ఉన్నాను. మంచినీళ్ళు కూడా ముట్టలేదు."

"అరగంటలో వస్తారమ్మా," అనేశాడు, పాత అలవాటు కొద్దీ.

అనగానే చెవులు వేడెక్కాయి. మెకానిక్‌గా ఉన్న రోజుల్లో ఇలాంటి మాటే విని, "నీళ్ళు తాగొద్దని ఎవరన్నారట?" అంటూ తోటివాళ్ళతో నవ్వుకుని, తీరిగ్గా టీ తాగింది తనే.

"అమ్మా, అబద్ధం చెప్పాను. సాయంత్రం దాకా ఎవరూ రారు. ఉండండి, ఇప్పుడే పంపిస్తాను."

భోజనం చేస్తున్న మెకానిక్‌ని బతిమాలి లేపాడు. ఇరవై నిమిషాల్లో లిఫ్టు కదిలింది.

"చల్లగా ఉండు నాయనా," అంది ఆవిడ మళ్ళీ ఫోన్ చేసి.

ఆ దీవెన అందుకోవడానికి అతనికి మొహం చెల్లలేదు.