ఉప్పు లేని వంట, అన్నం లేని వంట

అంకాలమ్మ విజయవాడ పటమటలో ఒక ఇంట్లో వంటకు చేరింది రెండు వేల ఆరులో, దసరా ముందు. ఆ ఎండాకాలంలోనే కొల్లేరులో సర్కారు వాళ్లు చేపల చెరువుల గట్లు కొట్టేస్తే వాళ్ల కూలి పోయింది. ఆ వెంటే భర్త కొండలయ్య పచ్చకామెర్లతో పోయాడు. కైకలూరులో తెలిసినాయన ఒకరు చెబితే చేతిసంచీతో విజయవాడ బస్సెక్కింది. ఏడ్చిన గుర్తు లేదు ఆమెకు. ఎవరైనా పని చెబితే చేసేది, చెప్పకపోతే గోడకి ఆనుకుని కూర్చునేది.

ఆ ఇంటాయన రామకోటేశ్వరరావు గారికి ఆటోనగర్‌లో లారీ విడిభాగాల కొట్టు ఉంది. మనిషి తొంభై నాలుగు కిలోలు. భార్య సీతారావమ్మ గారు ఎనభై ఒకటి. నాలుగు మెట్లెక్కితే మోకాళ్లు పట్టేసేవి. ఇద్దరూ తగ్గాలనే అనుకున్నారు గానీ ఎవరి దారి వారు పట్టారు. ఆవిడ ప్రకృతి వైద్య శిబిరంలో పది రోజులుండి వచ్చి, ఒంట్లో ఆమ్లం పెరగడమే అన్ని రోగాలకూ మూలమనీ, క్షారగుణం ఉన్న తిండే తినాలనీ తేల్చేశారు. పొద్దున్న బూడిదగుమ్మడి రసం, మధ్యాహ్నం ఉప్పూ నూనే లేని కూరలు, ఒక పుల్కా, రాత్రికి పండ్లు. ఆయన ఎవరో స్నేహితుడు తగ్గాడని విని కార్బోహైడ్రేట్లు మానేశారు. అన్నం లేదు, ఇడ్లీ లేదు, పంచదార లేదు. చేపలు, గుడ్లు, కోడికూర, గోంగూర, వేరుశెనగ గుళ్లు.

అంకాలమ్మ ఒక పొయ్యి మీద సొరకాయ ఉడకబెట్టేది, రెండో పొయ్యి మీద కొరమీను పులుసు పెట్టేది. ఏ గిన్నెలో గరిటె ఆ గిన్నెలోనే ఉండాలి. ఆయనకోసం పెట్టిన పులుసు తను రుచి చూసినా నాలుక్కి ఏమీ తెలిసేది కాదు. కొలత ప్రకారం ఉప్పు వేసేది. అన్నం ఒక్క తనకోసమే వండుకోవాల్సి వచ్చేది. చాలా రోజులు వండుకోలేదు.

ఆదివారం పొద్దున హాల్లో బరువు చూసుకునేవారు. మొదటి నెల ఆయన ఆరు కిలోలు తగ్గారు, ఆవిడ మూడున్నర. ఆయన ఊరుకోక, గడ్డి తిని తగ్గిన వాళ్లెవరూ లేరన్నారు. ఆవిడ ఆయన నోరు వాసన వస్తోందన్నారు. మూడో నెలకి ఆయనకు మలబద్ధకం పట్టుకుంది, కాలి బొటనవేలు వాచింది. ఆవిడ ఒకరోజు బట్టలు ఆరేస్తూ కళ్లు తిరిగి కూలబడ్డారు. అంకాలమ్మ పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. సాయంత్రం ముగ్గురూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లారు.

ఆ డాక్టరమ్మ ఓపికగా విన్నది. ఏం తిన్నా రక్తంలో ఆమ్లం, క్షారం పెద్దగా మారవనీ, ఆ సంగతి ఊపిరితిత్తులూ మూత్రపిండాలూ చూసుకుంటాయనీ చెప్పింది. కూరగాయలు తినడం మంచిదే, దానికి కారణం మాత్రం క్షారం కాదంది. మొదట్లో ఆయనకు తగ్గిన దాంట్లో చాలా మటుకు నీరేనంది. "ఇద్దరూ సాయంత్రం బజ్జీలు, స్వీట్లు మానేశారు కదా. ఎక్కువ భాగం తగ్గింది అందుకేనండీ," అంది. ఆవిడ కాస్త ఉప్పు, పప్పు తినాలి. ఆయన మాంసం తగ్గించి, కప్పు అన్నం, పీచున్న కూరలు తినాలి.

లేవబోతుండగా డాక్టరమ్మ చూపు అంకాలమ్మ మెడ కింది ఎముకల మీద పడింది. మిషను ఎక్కమంది. నలభై ఒక్క కిలోలు. కిందటేడు ఆస్పత్రిలో చూసినప్పుడు యాభై ఎనిమిది ఉండేదాన్నని అంకాలమ్మే చెప్పింది.

"నువ్వు ఏ పథ్యం చేస్తున్నావమ్మా?"

"ఏ పథ్యం లేదండి. ఆకలెయ్యదండి."

"ఎన్నాళ్ల నుంచి?"

"మా ఆయన పోయిన కాణ్ణుంచండి."

రక్తపరీక్షల్లో రోగమేమీ కనబడలేదు. రక్తం తక్కువుందని బిళ్లలు రాసి, దగ్గర కూర్చోబెట్టి తినిపించమని సీతారావమ్మ గారితో చెప్పింది డాక్టరమ్మ. మూడు నెలలుగా మనిషి కళ్లెదుట అరిగిపోతున్నా మనం చూడలేదని ఆవిడ ఆటోలో అందరికీ వినబడేలా అన్నారు.

మర్నాడు బీరకాయలు చెక్కు తీస్తూ, ఎవరూ అడక్కుండానే తనే చెప్పింది. కామెర్లకు ఆకుమందు ఇచ్చినాయన ఉప్పు తగలకూడదన్నాడు. ఇరవై రోజులు చప్పటి గంజే పోసింది.

"సివరి రోజు మా ఆయన సేపల పులుసుతో రెండు ముద్దలు పెట్టవే అన్నాడండి. పెట్టలేదండి నేను. పథ్యం సెడిపోద్దని."

సీతారావమ్మ గారు చెక్కు తీసిన కాయలు కడిగి ముక్కలు కోశారు. తర్వాత, "నేనైనా పెట్టేదాన్ని కాదు, అంకాలమ్మా. అదే ఆఖరి రోజని నాకూ తెలిసేది కాదు," అన్నారు.

ఆ మధ్యాహ్నం నుంచి ముగ్గురికీ ఒకే కూర ఉడికింది. అంకాలమ్మ కంచం ఆవిడ కంచం పక్కనే పెట్టించారు. తినేదాకా లేవనిచ్చేవారు కాదు. అంకాలమ్మ తినమన్నంత తినేది. వేసవి నాటికి నలభై ఏడు కిలోలకు వచ్చింది. దంపతులిద్దరూ నెమ్మదిగా మరో రెండు మూడు కిలోలు తగ్గి అక్కడే ఆగారు. బరువు మిషను బీరువా మీదికి చేరింది. అంకాలమ్మ ఆ ఇంట్లోనే ఉండిపోయింది. నాలుక్కి మళ్లీ రుచి తెలుస్తోందని ఒకసారి చెప్పింది. ఏ రుచి అని అడిగితే, పులుపు తెలుస్తోందంది, మిగతావి ఇంకా తెలియడం లేదంది.