బండి రాదు

బందరు దగ్గర రొయ్యల ఎగుమతి ఫ్యాక్టరీలో నేను పీలింగ్ హాలు సూపర్‌వైజర్‌ని. అంటే రొయ్య తల తీసి, పొట్టు ఒలిచే ఆడవాళ్ల పని చూసేవాణ్ణి. మా దగ్గర ఎంతమందికి పని ఉండాలన్నది మేనేజరు చేతిలో ఉందని అందరూ అనుకుంటారు. నిజానికి అది రొయ్య ఏ అవతారంలో ఓడెక్కుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. అమెరికావాళ్లకి ఒలిచి పంపాలి, దానికి చేతులు కావాలి. అక్కడ సుంకం పెంచాక మావాళ్లు చైనా వైపు తిరిగారు. వాళ్లకి తలకాయతో సహా కావాలట. కడిగి, పెట్టెల్లో సర్ది, గడ్డకట్టిస్తే సరి.

ఎవర్నైనా తీసేశామని నోటితో చెప్పే అలవాటు మా ఫ్యాక్టరీకి లేదు. ఊళ్ల నుంచి జనాన్ని తెచ్చే వ్యాన్లలో ఒకదాన్ని ఆపేస్తాం. "రేపు బండి రాదు" అంటే ఆ ఊరివాళ్లకి పని పోయినట్టే. మర్యాదగా ఉంటుంది, ఏడుపులు వినక్కర్లేదు. గుడివాడ బండి అలాగే ఆగింది.

కోడూరు బండికి పెద్దదిక్కు ఒకావిడ. అక్కా అనేవాణ్ణి. ఆవిడ ఒలిచిన రొయ్యకి వంక పెట్టలేం. ఇంట్లో ఇంకెవరికీ నెలజీతం లేదు. ఒక సాయంత్రం ఆ వ్యాను గేరుబాక్సు పోయింది. ఫోన్ చేసి "రేపు బండి రాదక్కా" అన్నాను. "సరేనండి" అంది. ఎందుకని అడగలేదు. ఎందుకు అడగలేదా అని నేనూ ఆలోచించలేదు, నా బుద్ధి గడ్డి తిని.

రిపేరయ్యాక వెళ్లిన బండి ఖాళీగా తిరిగొచ్చింది. మర్నాడూ అంతే. మళ్ళీ ఫోన్ చేస్తే వరి ఊడ్పుల్లో ఉన్నామంది. మొన్న బండి రిపేరుకెళ్లిందని అప్పుడు చెప్పాను.

"పని పోయిందనుకున్నామండీ. రిపేరని ఒక్క ముక్క అంటే సరిపోయేదిగా" అని నవ్వింది. "రేపు అందరం వస్తాం."

ఆ మాట చెబుదామని వెళ్తే, మేనేజరు అప్పటికే కోడూరు బండిని జాబితాలోంచి కొట్టేశాడు. ఎలాగూ ఒకటి తగ్గించాలి, ఖాళీగా తిరిగేదాన్ని తీసేస్తే గొడవుండదు కదా అన్నాడు. తప్పు నాదని చెప్పాలి. తర్వాత వంతు నాదవుతుందేమోనని భయమేసి చెప్పలేదు.

పొద్దున్నే ఫోను మోగింది.

"స్టాపులో నిలబడ్డామండీ, అందరం. బండి ఇంకా రాలేదు. మళ్ళీ రిపేరా?"

అవునన్నాను.

"పర్లేదులెండి, రేపు కూడా వచ్చి చూస్తాం" అంది.