అప్పలనర్సమ్మకి సి.ఇ.ఏ. ఎందుకు పెరిగింది?

1984. జంషెడ్‌పూర్‌లో ఒక ఆసుపత్రి, ఆడవాళ్ళ సర్జికల్ వార్డు. నేను స్టాఫ్ నర్సుని. మాది తెనాలి పక్క. పెళ్ళయి ఇక్కడికొచ్చాక హిందీ నేర్చుకోవడం ఒక ఎత్తు, మా వార్డుకొచ్చే శ్రీకాకుళం వాళ్ళ తెలుగు అర్థం చేసుకోవడం ఇంకో ఎత్తు అయింది నాకు.

ఊళ్ళోనే ఉన్న భాలుబాసా పేట నుంచి వచ్చే అప్పలనర్సమ్మకి యాభై దాటాయి. అంతకు ముందు ఏడాది క్యాన్సర్ అని కుడి రొమ్ము తీసేశారు. మళ్ళీ తిరగబెడుతుందేమో కనిపెట్టడానికి మా డాక్టరమ్మ సి.ఇ.ఏ. పరీక్ష రాశారు. అది రక్తంలో ఉండే ఒక ప్రొటీన్. క్యాన్సర్ ఒంట్లో పాకితే కొందరికి అది పెరుగుతుంది. మా దగ్గర ఆ పరీక్ష లేదు, రక్తం కలకత్తా పంపాలి. రిపోర్టు వచ్చేదాకా పాపం ఆవిడ వార్డు చుట్టూ తిరుగుతూనే ఉంది.

వచ్చింది. ప్రొటీన్ పెరిగింది! అడ్మిట్ చేసుకుని ఎక్స్‌రేలు తీయించారు, లివర్ చూశారు, రెండో రొమ్ము, చంకలు తడిమి తడిమి చూశారు. ఎక్కడా ఏమీ లేదు. ఇంకోసారి రక్తం పంపితే మళ్ళీ ఎక్కువే.

"సిగరెట్, బీడీ పీతీ హో?" తాగుతావా అని డాక్టరమ్మ హిందీలో అడిగితే, "ఛీ ఛీ!" అని చెంపలేసుకుంది.

ఒక మధ్యాహ్నం మందివ్వడానికి వెళ్తే మంచం మీద లేదు. వెనక వరండాలో గోడకానుకుని కూచుంది. ముక్కులోంచి పొగ! చేతిలో ఏమీ లేదు. దగ్గరికెళ్ళి చూద్దును కదా, పెదాల మధ్య చుట్ట మొదలు, నిప్పున్న కొస నోటి లోపల! నా చేతిలో ట్రే కింద పడిపోయింది.

"ఓరి దేవుడో! నోట్లో నిప్పేంటమ్మా?"

ఆవిడ తాపీగా చుట్ట తీసి, "అడ్డపొగ సిస్టరమ్మా. తొలిసూలప్పుడు ఏవిళ్ళు ఆగడానికి మాయత్త అలవాటు సేసింది. అలగ అరుత్తావేటి?" అంది.

"మరి డాక్టరమ్మతో తాగనని అబద్ధం చెప్పావే!"

"అబద్దవేటి? బీడీ మగోళ్ళు తాగుతారు. ఇది సుట్ట."

నవ్వాలో తిట్టాలో తెలీక పరిగెత్తుకెళ్ళి డాక్టరమ్మకి చెప్పాను. పొగ తాగేవాళ్ళకీ ఈ ప్రొటీన్ పెరుగుతుందిట. "అయితే తిరగబెట్టలేదేమో!" అని డాక్టరమ్మ మొహం విప్పారింది. నాకు సంతోషంతో కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆవిడ నవ్వుతూనే వార్డుకొచ్చి, టార్చి తీసి, అప్పలనర్సమ్మని నోరు తెరవమన్నారు.

చూసి, టార్చి నాకిచ్చారు. అంగిలంతా తెల్లగా మందంగా ఉంది, నడుమ ఎర్రటి పుండు. ముక్క తీసి పరీక్షకి పంపాం. క్యాన్సరే. రొమ్ముది కాదు, కొత్తది, నోటిది.

"ఇంత పుండు నొప్పి తెలీలేదా అమ్మా?"

"రోజూ కాలే సోట నొప్పేటి తెలుత్తాదమ్మా?" అంది. నా చెయ్యి పట్టుకుంది. "రొమ్ము తీసీసారు. ఇప్పుడు నోరా?"

పుండు ఇంకా చిన్నదే కాబట్టి అంగిట్లో ఆ భాగం తీసి బతికించారు. మాట ముక్కుతో వచ్చేది, మనిషి మాత్రం దక్కింది. ఆ ప్రొటీన్ పెరక్కపోతే మేమెవరం ఆవిడ నోట్లోకి తొంగి చూసేవాళ్ళం కాదు. ఆ తర్వాత నేను ఏ ఆడమనిషినీ బీడీ తాగుతావా అని అడిగి ఊరుకోలేదు. "ఏదీ, నోరు తెరవమ్మా" అంటాను.