రాహుకాలం ముందు పీకిన డిస్కులు

మామిడికాయలు కొనేటప్పుడు లక్ష్మీనరసింహారావు గుట్టలోంచి ఒక కాయ తీసి, చాకుతో కోసి, టెంక ముదిరిందో లేదో చూడందే బేరం మాట్లాడడు. తోట సొంత అన్నగారిదైనా సరే, కోసి చూడాల్సిందే. నూజివీడులో ఆయన పనిచేసే ఇంటర్నెట్ కంపెనీలో మాత్రం ఇన్నేళ్ళలో ఒక్క బ్యాకప్ కూడా తెరిచి చూడలేదు.

కంపెనీ చిన్నది. ఉంగుటూరు నుంచి జి. కొండూరు దాకా ఇళ్ళకీ తోటలకీ లైన్లు వేసింది. ఎవరు ఏ ప్లాన్‌లో ఉన్నారో, ఎవరి గడువు ఎప్పటిదాకానో అంతా బిల్లింగ్ సర్వర్‌లోనే ఉంటుంది. దానికి పేరు తెలిసినవాళ్ళకే నెట్టు వస్తుంది. దానికేమన్నా అయితే ఎలాగని, వారం వారం అందులోదంతా ఒక డిస్కులోకి ఎత్తిపెట్టడం నరసింహారావు పని. శుక్రవారం ఆఫీసుకి రాగానే డిస్కుకి పసుపు బొట్టు పెట్టి, సర్వర్‌కి తగిలించి, కాపీ మొదలుపెట్టేవాడు. పదిన్నరకి రాహుకాలం వస్తుంది కాబట్టి ఆలోపే పీకేసి, గడ్డి పరిచిన మామిడిపళ్ళ అట్టపెట్టెలో భద్రం చేసేవాడు. రాహుకాలంలో డేటా కదలకూడదని ఆయన నమ్మకం. పంచాంగంలో డేటా మాట లేదు నిజమే, కానీ ఫర్వాలేదని కూడా లేదు.

కంపెనీ పెట్టిన కొత్తలో ఆ కాపీ టీ తాగేలోపు అయిపోయేది. తర్వాత కనెక్షన్లు పెరిగాయి. రాహుకాలం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఒక్క శుక్రవారం తప్పింది. ఏప్రిల్ నెలాఖరున బాపులపాడులో పెళ్ళికి వెళ్తూ ఆ పని కౌంటర్లో కూర్చునే నాగమణికి అప్పజెప్పాడు. ఆ పిల్ల డిస్కు తగిలించి మర్చిపోయింది. సాయంత్రం ఆయన వచ్చేసరికి ఇంకా అక్కడే వేలాడుతోంది.

"రాహుకాలమంతా దీంట్లోనే ఉంచావా? పంచాంగం తెలీదా నీకు?"

"పాస్‌వర్డ్ చెప్పారు బాబాయ్, పంచాంగం చెప్పలేదుగా."

మైలపడిన డిస్కుని మిగతావాటితో కలపలేక బీరువా మీద పడేశాడు. పాస్‌వర్డ్ కూడా మార్చేశాడు.

మే నెల గాలివానకి తోటల్లో కాయ రాలింది, ఆఫీసు మీద పిడుగు పడి సర్వర్ మాడింది. ఊళ్ళకి ఊళ్ళే నెట్టు లేక కూర్చున్నాయి. శుక్రవారం పొద్దునకి ఓనరు రాజీవ్ కొత్త మిషను తెప్పించాడు.

"సాయంత్రానికి పాత డేటా ఎక్కకపోతే కంపెనీని విజయవాడ వాళ్ళకి ఇచ్చేస్తానండీ. వాళ్ళకి ఇక్కడ ఆఫీసు అక్కర్లేదు."

అంటే అందులో కూర్చునే ఇద్దరూ అక్కర్లేదనే.

"పెట్టెడు బ్యాకప్‌లుంటే మీకు బెంగెందుకండీ?" అన్నాడు నరసింహారావు.

కొత్త మిషనుకీ తన పాస్‌వర్డే పెట్టి, మొదటి డిస్కు తగిలించాడు. ఫైలు పూర్తిగా లేదంది మిషను. రెండోదీ అదే మాటంది. అలా పెట్టె అడుగుదాకా వెళ్ళాడు. అడుగున బాగున్నది ఒకటి దొరికింది, కంపెనీ పెట్టిన కొత్తలోది. అందులో ఉన్నవాళ్ళలో కొందరు పోయారు కూడా.

"అన్నీ సగంలో పీకేశారు బాబాయ్," అంది నాగమణి. "లేతకాయలు కోసి గడ్డిలో పెట్టినట్టు."

లేతకాయ మాగదని ఆయనకి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

నాగమణి అప్పటికే స్టూలెక్కి బీరువా మీది డిస్కుని కొంగుతో తుడుస్తోంది. పదకొండు కావస్తోంది.

"పన్నెండు దాకా ఆగుదామే."

"ఎక్కడానికే సాయంత్రమవుద్ది బాబాయ్. ఆగితే ఆఫీసు ఉండదు."

"అయితే నువ్వే పెట్టు. నీకు అలవాటేగా."

"పెట్టేదాన్నే. పాస్‌వర్డ్ మార్చారుగా."

నరసింహారావు లేచి, గోడ మీది క్యాలెండర్‌ని మొహం గోడకేసి ఉండేలా తిప్పి, వచ్చి కూర్చుని పాస్‌వర్డ్ కొట్టాడు. రాహుకాలమంతా కుర్చీలోంచి కదల్లేదు, మిషనూ ఆగలేదు.

దీపాల వేళకి ఊళ్ళన్నీ ఎక్కాయి. ఆ పెళ్ళి తర్వాత కొత్తగా చేరినవాళ్ళు మాత్రం ఆ డిస్కులో లేరు. ఫోన్ చేసి తిట్టినవాళ్ళ పేర్లు తిడుతుండగానే అడిగి నాగమణి ఎక్కించింది. మర్యాదస్తులకి ఇంకో రెండు రోజులు నెట్టు రాలేదు.

ఇప్పుడు కాపీ మధ్యాహ్నం మొదలవుతుంది. అయ్యాక దాన్ని మూలనున్న పాత కంప్యూటర్లో ఎక్కించి, తెరుచుకుంటేనే డిస్కుని పెట్టెలో పెడతాడు. దాన్ని కాయ కోసి చూడటమనే అంటాడు. నాగమణి మర్చిపోయిన ఆ మైల డిస్కుకి కూడా పసుపు బొట్టు పెట్టాడు, రాహుకాలం వెళ్ళాకే.